కత్తి ఏ చేతిలో ఉంది? అచ్చుబొమ్మల మీద పాఠకుల ప్రశ్నలు

బొమ్మ చెక్కి, అచ్చు తీసి, ఉన్న మాటను మరో మాటగా చెబుతూ సమాజాన్నీ పాలకులనూ నిలదీసే కళ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎనిమిదింటికి ఈసారి జవాబులు.

అవినీతి మీద లినోకట్ (లినోలియం బిళ్ల మీద చెక్కి తీసే అచ్చు) చేశాను. పెద్ద పాము, పడగ మీద "అవినీతి" అన్న అక్షరాలు, చుట్టూ భయంతో జనం. చూసినవాళ్లంతా "బాగుంది" అని వెళ్లిపోతున్నారు. లోపం ఎక్కడుంది?
— చిత్రకళ విద్యార్థి

చిన్న పరీక్ష పెట్టి చూడండి. పడగ మీది మాట చెరిపి "మద్యం" అని రాయండి. తర్వాత "వరకట్నం" అని రాయండి. రెండిటికీ బొమ్మ చక్కగా సరిపోతుంది. అంటే ఇప్పుడున్న బొమ్మ ఏ ఒక్క విషయం మీదా లేదు, "ఇది చెడ్డది" అని మాత్రం చెబుతోంది. ఆ ముక్క చూసేవాళ్లకు ముందే తెలుసు.

అన్యాపదేశానికి, అంటే ఒకటి చూపి మరొకటి చెప్పడానికి, ప్రాణం క్రియలో ఉంటుంది, నామవాచకంలో కాదు. ఉలి పట్టుకునే ముందు ఒక పూర్తి వాక్యం రాసుకోండి: ఎవరు, ఎవరి నుంచి, దేన్ని, ఏ సాకుతో తీసుకుంటున్నారు. ఆ వాక్యంలో ఒక్కటంటే ఒక్కటి తారుమారు చేయండి. మిగతావన్నీ రోజూ కనిపించే తీరులోనే ఉంచండి. రెండు మూడు మార్చారంటే చూసేవాళ్లు పొడుపుకథ విప్పే పనిలో పడి అసలు సంగతి వదిలేస్తారు.

స్పానిష్ చిత్రకారుడు గోయా 1799లో వెలువరించిన 80 ఎచ్చింగ్‌ల (లోహపు పలకను ఆమ్లంతో తినిపించి తీసే అచ్చుల) సంపుటి "కాప్రిచోస్"లో 42వ పలక ఇందుకు మంచి పాఠం. ఇద్దరు మనుషులు వంగిపోయి రెండు గాడిదలను వీపున మోస్తున్నారు. మారింది ఒక్కటే, ఎవరు ఎవరిని మోస్తున్నారన్నది. ఒక గాడిద కాలికి రౌతులు మడమకు కట్టుకునే ఇనుపముల్లు ఉంది. దొరతనం మొత్తం ఆ చిన్న ముల్లులో ఉంది. గాడిద నుదుటి మీద పేరు అక్కర్లేకపోయింది.

కింద రాసిన మాట కూడా గమనించండి. "చేతకాని నువ్వు" అన్నంతవరకే రాసి ఆపాడు. "నన్ను వీపున మోయి" అన్న రెండో సగం ఆ స్పానిష్ సామెత తెలిసినవాళ్ల నోటినుంచి దానంతటదే వస్తుంది. మనకూ ఈ వసతి కావలసినంత ఉంది. బొమ్మ కింద "అత్త సొమ్ము" అని చెక్కి ఊరుకోండి. దానం చేసిన అల్లుడెవరో చూసేవాళ్లే బొమ్మలో వెతుక్కుంటారు.

మీ విషయానికే వస్తే, "కంచె చేను మేస్తే" అన్న సామెతను పట్టుకుని చూద్దాం. కంచె కర్రలకు నోళ్లూ కోరలూ పెట్టి పైరు నమిలిస్తే అది అందరూ చూసి చూసి అరిగిపోయిన బొమ్మ. అలా కాకుండా కంచెను దిట్టంగా, కొత్తగా, చెక్కుచెదరకుండా గీయండి. లోపల చేను కొయ్యకాళ్ల దాకా ఖాళీ. బయట రైతు ఇంకో వరస ముళ్లతీగ బిగిస్తున్నాడు. కర్రలన్నీ కాస్త లోపలివైపు వాలి ఉన్నాయి. ఎక్కడా నోరు లేదు, పేరు లేదు. తిన్నదెవరో చూసేవాళ్లు కనుక్కుంటారు, కనుక్కున్నది మరిచిపోరు.

ఇదే ఒడుపు బెంగాలీ చిత్రకారుడు గగనేంద్రనాథ్ ఠాకూర్ 1917 నాటి లితోగ్రాఫ్‌లలో (రాతి మీద గీసి తీసే అచ్చుల్లో) ఉంది. కులవ్యవస్థను ఆయన మనుషులను నలిపే తిరగలిగా వేశాడు. తిరగలి చేసే పని అందరికీ తెలుసు, అందులో పోసిన గింజలు మాత్రమే మారాయి.

ఊరేగింపులో పంచడానికి ఒకే బొమ్మ 200 ప్రతులు కావాలి. ప్రెస్ లేదు. ఎచ్చింగ్‌కే గౌరవం ఎక్కువ అంటారు, లినో పిల్లల పని అంటారు. ఏది ఎంచుకోవాలి?
— ఒక సాంస్కృతిక బృందం

లినో. గౌరవం సంగతి పక్కన పెట్టండి. మెక్సికో నగరంలో 1937లో మొదలైన అచ్చుచిత్రకారుల బృందం "తాయెర్ దె గ్రాఫికా పోపులార్" ఫాసిజం మీదా, భూమి హక్కుల మీదా వేసిన పోస్టర్లలో, కరపత్రాల్లో ఎక్కువ భాగం లినోకట్‌లే. బెంగాల్ చిత్రకారుడు చిత్తప్రసాద్ బాలకార్మికుల మీద చెక్కిన వరసబొమ్మలూ లినోలే.

ఎచ్చింగ్‌కు భారీ రోలర్ ప్రెస్ తప్పనిసరి. గాడిలో దిగిన ఇంకును తడికాగితం లాక్కోవాలంటే చేతి ఒత్తిడి చాలదు. ప్రతి ప్రతికీ పలకను కొత్తగా ఇంకు పెట్టి తుడవాలి. పైగా పలక అరుగుతుంది. సూదితో గీకిన డ్రైపాయింట్ అయితే గీత అంచున లేచిన లోహపు పొర 20 ప్రతులు దాటేసరికే చదునైపోతుంది. ఆక్వాటింట్‌లో (పొడి చల్లి ఆమ్లంతో ఛాయలు తెచ్చే ఎచ్చింగ్‌లో) లేత ఛాయలు ముందుగా చెరిగిపోతాయి. లినో బిళ్ల జాగ్రత్తగా వాడితే వందల ప్రతులు ఇస్తుంది.

అయితే శ్రమ లెక్క వేసుకోండి. ఇంకు పెట్టి, కాగితం పరిచి, చెక్క గరిటె వీపుతో రుద్ది తీయడానికి ఒక్కో ప్రతికి 10 నిమిషాలు అనుకుంటే 200 ప్రతులకు 33 గంటలు దాటుతుంది. ఇద్దరు కలిసి చేయాలి. ఒకరు ఇంకు మాత్రమే, రెండోవారు కాగితం మాత్రమే ముట్టుకోవాలి. ప్రతుల మీద వేలిముద్రలు పడేది ఈ నియమం తప్పినప్పుడే. నూనె ఇంకు ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఊరేగింపుకు కనీసం వారం ముందే అచ్చు ముగించండి.

బొమ్మ కొలత 20 × 30 సెంటీమీటర్లు దాటనివ్వకండి. చేత్తో రుద్దేటప్పుడు అంతకన్నా పెద్ద నలుపు మైదానాలు సమంగా రావు.

చెక్క గురించి కూడా చాలామంది అడిగారు. చెక్క అంటే చౌక అనుకోవడం అన్నిసార్లూ నిజం కాదు. ఇంగ్లిష్ చిత్రకారుడు హోగార్త్ 1751లో "క్రూరత్వపు నాలుగు దశలు" బీదసాదలకు చేరాలని చివరి రెండు బొమ్మలను పెద్ద చెక్క అచ్చులుగా చేయించాడు. రాగి పలకకన్నా అదే ఎక్కువ ఖర్చని తేలడంతో మానుకున్నాడు. చివరికి రాగి మీదే చెక్కి, ఒక్కోటి షిల్లింగు చొప్పున అమ్మాడు.

చెక్కను డబ్బు కోసం కాక, అది పలికే తీరు కోసం ఎంచుకోవాలి. జర్మన్ చిత్రకారిణి కేతె కోల్‌విట్జ్, హత్యకు గురైన విప్లవ నాయకుడు కార్ల్ లీబ్‌క్నెక్ట్ స్మారక చిత్రాన్ని ముందు ఎచ్చింగ్‌గా, తర్వాత లితోగ్రాఫ్‌గా ప్రయత్నించి రెండూ వదిలేసింది. 1920లో ఉడ్‌కట్‌గా (చెక్క అచ్చుగా) ముగించింది. ఎచ్చింగ్ ముఖాల్లోని సందేహాన్ని కూడా పట్టుకుంటుంది. గుమిగూడి దుఃఖిస్తున్న జనానికి ఆ సన్నదనం అక్కర్లేదు. నల్ల దిమ్మలోంచి వెలుగును చెక్కి తీయడమే చాలు.

న్యాయదేవత కుడిచేతిలో కత్తి గీశాను. అచ్చులో ఎడమచేతికి వచ్చింది, అక్షరాలు కూడా తిరగబడ్డాయి. అక్షరాల సంగతి అర్థమైంది, బొమ్మ తిరగబడితే నష్టం ఏమిటి?
— హైస్కూల్ ఉపాధ్యాయురాలు

అన్యాపదేశంలో నష్టం చాలా ఎక్కువ. ప్రకృతి దృశ్యం తిరగబడితే ఎవరూ గమనించరు. ప్రతీకలకు మాత్రం కుడి ఎడమలు అర్థంలో భాగం. ప్రమాణం చేసే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి, గడియారం ముల్లు, జెండాలోని గుర్తు, చొక్కా గుండీలు: వీటిలో ఏది తిరగబడినా చూసేవాళ్లు "ఇది కావాలని చేశారేమో" అని లేని అర్థాన్ని తవ్వుతారు.

కదలిక దిశ సంగతి దీనికన్నా పెద్దది. మనం ఎడమ నుంచి కుడికి చదివేవాళ్లం. ఎడమ నుంచి కుడికి నడిచే గుంపు ముందుకు సాగుతున్నట్టు, కుడి నుంచి వచ్చేది ఎదురొస్తున్నట్టు అనిపిస్తుంది. రైతులు ఎడమ నుంచి, లాఠీలు కుడి నుంచి వస్తే రైతులది ప్రయాణం, లాఠీలది అడ్డు. తిప్పేస్తే లాఠీలది ప్రయాణం అవుతుంది, రైతులు దారికి అడ్డొచ్చినవాళ్లవుతారు. ఒక్క గీత మారకుండానే పక్షం మారిపోతుంది.

పని క్రమం ఇది. బొమ్మను అచ్చులో కనిపించాల్సిన తీరులోనే పలుచటి ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో గీయండి. కాగితాన్ని తిరగేసి పెన్సిల్ వైపు లినోకు ఆనించండి. రెండు మూలల్లో టేపుతో బిగించి వెనకనుంచి చెంచాతో రుద్దితే బొమ్మ తిరగబడి లినో మీద పడుతుంది. దాని మీద చెరగని పెన్నుతో గీసుకోండి. ఉలి పెట్టేముందు లినోను అద్దం ముందు నిలబెట్టి చూడండి. అద్దంలో కనిపించేదే అచ్చు.

ఇక తెలుగు అక్షరాలు. ఇవి గుండ్రనివి కావడంతో రోమన్ అక్షరాలకన్నా చెక్కడం కష్టం. మూడు చోట్ల దెబ్బతింటాయి. మొదటిది అక్షరం లోపలి ఖాళీలు. ష, ఘ, ఱ వంటివాటిలోని చిన్న కన్నాలు ఇంకుతో పూడుకుపోతాయి. లినోలో అక్షరం ఎత్తు 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. రెండోది తలకట్టు. అక్షరానికీ దానికీ మధ్య సందు మరీ సన్నగా ఉంటే ఉలి జారి తలకట్టు ఎగిరిపోతుంది. అక్షరానికి ఆనించి గీస్తేనే మేలు. మూడోది ఒత్తులు. వాటికి కిందివైపు చోటు వదలకుండా బొమ్మ అంచుకు ఆనించడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

వంపు చెక్కేటప్పుడు ఉలి పట్టిన చేతిని నిలకడగా ఉంచి, రెండో చేత్తో లినోను తిప్పండి. చేతినే తిప్పితే వంపు విరిగి పలకలు పలకలుగా వస్తుంది. నల్ల నేలలో తెల్ల అక్షరాలు తీయడం తేలిక. అక్కడ ఒక్కో గీతను సన్నటి వి-ఉలితో ఒకే ఊపులో లాగితే సరిపోతుంది. తెల్ల నేలలో నల్ల అక్షరాలకు గీతకు రెండువైపులా చెక్కాలి.

లినో నలుపు నిండుగా రావడం లేదు. ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు పడుతున్నాయి.
— స్వయంగా నేర్చుకుంటున్న పాఠకుడు

కారణాలను ఈ వరసలో వెతకండి.

కొత్త బిళ్ల మొదటి మూడు నాలుగు ప్రతుల దాకా ఇంకు పీల్చుకుంటుంది. వాటిని చిత్తుప్రతులుగా వదిలేయండి. ఆ తర్వాత కూడా చుక్కలుంటే లినో పైపొర చూడండి. నిలవలో దాని మీద నూనె జిడ్డు తేలుతుంది. చెక్కడానికి ముందే 400 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవాలి. చెక్కేశాక రుద్దితే సన్నగీతల అంచులు మొద్దుబారతాయి.

ఇంకు మందం చూసుకోవడానికి చెవి పనికొస్తుంది. గాజుపలక మీద రోలర్ తిరిగేటప్పుడు సన్నటి బుసలాంటి శబ్దం రావాలి. చప్పుడే లేకపోతే ఇంకు తక్కువ. రోలర్‌ను పైకి లాగేటప్పుడు తడి చప్పుడుతో అంటుకుంటూ, ఇంకు మీద నారింజ తొక్కలాంటి గుంతలు కనిపిస్తే ఎక్కువ. ఒకేసారి దట్టంగా పూయకుండా, ప్రతిసారీ రోలర్‌ను గాజు మీద మళ్లీ నింపుకుంటూ నాలుగైదు పలుచటి పొరలు వేయండి. రోలర్ దిశ మారుస్తూ ఉండండి.

చేత్తో రుద్దేవారికి అసలు చిక్కు కాగితంతోనే. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మందపు కాగితం అందంగా ఉంటుంది కానీ గరిటె ఒత్తిడి దాని అడుక్కి చేరదు. 60–100 జీఎస్‌ఎం మధ్య నునుపైన కాగితం వాడండి. రుద్దుతూ ఒక మూల ఎత్తి చూడండి. తెల్లగా ఉన్నచోట మళ్లీ ఇంకు పెట్టి, మూల దించి రుద్దుకోవచ్చు. ఎదురు మూల కదలకుండా బరువు పెట్టడం మాత్రం మరవకండి.

కొంచెం చుక్కల నలుపు తప్పేమీ కాదన్నది మా అభిప్రాయం. కరువు మీది బొమ్మకు నున్నటి, మెరిసే నలుపు నప్పదు.

లినో చెక్కుతుంటే సన్నటి గీతలు విరిగిపోతున్నాయి. ఎందుకు?

గీత గోడలు నిట్టనిలువుగానో, లోపలికి తొలుచుకునో ఉన్నాయి. గీతకు రెండువైపులా ఉలిని బయటికి వాల్చి చెక్కితే అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా నిలుస్తుంది. మామూలు 3.2 మిల్లీమీటర్ల లినోలో 1 మిల్లీమీటరు లోతు సన్నగీతల పక్కన చాలు. పెద్ద తెల్ల ఖాళీల్లో ఇంకొంచెం లోతు తీయండి, అడుగున ఉన్న జనపగుడ్డ కనిపించేదాకా వెళ్లకండి. లినో చల్లగా ఉంటే పెళుసుగా విరుగుతుంది. వేడినీళ్ల సంచి మీద కొద్దిసేపు పెట్టి చెక్కండి. మొద్దు ఉలి తెగకుండా తోస్తుంది కాబట్టి ప్రతి అరగంటకూ తోలు మీద సాన పట్టండి.

గోయా రాత్రుల్లాంటి నలుపు కోసం ఆక్వాటింట్ చేస్తున్నాను. ఎక్కువసేపు ఆమ్లంలో ఉంచేకొద్దీ నల్లబడాల్సింది పోయి మధ్యలో బూడిదరంగు వస్తోంది. రాగి పలక, ఫెర్రిక్ క్లోరైడ్ వాడుతున్నాను.
— కళాశాల విద్యార్థిని

ఆక్వాటింట్‌లో నలుపు లోతువల్ల రాదు, గరుకువల్ల వస్తుంది. రాగి మీద చల్లి వేడితో అంటించిన సర్జరసం (రోజిన్) పొడి రేణువుల మధ్య సందుల్లోకి ఆమ్లం దిగి సన్నటి లోయలు చేస్తుంది. ఆ లోయల్లో ఇంకు నిలుస్తుంది. సమయం మించితే ఆమ్లం రేణువుల అడుగునుంచి కూడా తిని వాటిని కూల్చేస్తుంది. అప్పుడు మిగిలేది గరుకు లేని నున్నటి పల్లం. తుడిచేటప్పుడు దాని మధ్యలోని ఇంకు గుడ్డతో పాటే వచ్చేస్తుంది, అంచుల్లో మాత్రం నిలుస్తుంది. మీకు కనిపిస్తున్న బూడిదరంగు అదే.

రెండు చోట్ల సవరించుకోండి. పొడి పలకలో సుమారు సగం భాగాన్ని కప్పాలి. భూతద్దంతో చూసి చుక్క, సందు సమానంగా ఉన్నాయో లేదో తేల్చుకోండి. పలుచగా పడితే రేణువులు త్వరగా కూలతాయి. వేడి పలక అడుగునుంచి, మంటను కదుపుతూ ఇవ్వాలి. తెల్లటి పొడి పారదర్శకంగా మారి మెరిసిన క్షణంలో మంట పక్కకు తీయండి. తక్కువ కాల్చితే రేణువులు ఆమ్లంలో రాలిపోతాయి. ఎక్కువ కాల్చితే కరిగి ఒకదానితో ఒకటి కలిసి సందులు మూసుకుపోతాయి, ఛాయ లేతగా మచ్చలు మచ్చలుగా వస్తుంది.

తర్వాత పరీక్షపట్టీ తప్పనిసరి. అదే రాగి, అదే పొడి, అదే ద్రావణంలో 30 సెకన్లు, 1, 2, 4, 8, 16 నిమిషాలు చొప్పున ఆరు మెట్లు తీయండి. ప్రతి మెట్టు తర్వాత పలకను కడిగి, ఆరబెట్టి, ఆ భాగాన్ని వార్నిష్‌తో మూసి మళ్లీ ముంచాలి. అచ్చు తీసి చూస్తే ఏ మెట్టు దగ్గర నలుపు ఆగి వెనక్కి మళ్లిందో కనిపిస్తుంది. మీ హద్దు అదే. ద్రావణం పాతబడ్డా, చలివేళ అయినా ఈ సమయాలు మారతాయి. పుస్తకాల్లోని అంకెలను నమ్ముకోకండి.

తెల్లగా ఉండాల్సిన చోట్లను మొట్టమొదటే మూసేయాలి. 43వ కాప్రిచోలో బల్ల మీద తల వాల్చి నిద్రపోయే మనిషి వెనక ఎగిరే గుడ్లగూబలు, గబ్బిలాలు భయపెట్టేది వాటి ఆకారంతో కాదు, ఆ బూడిద చీకటితో. ఛాయలు రెండు మూడు చాలు. మెట్లు పెరిగేకొద్దీ బొమ్మ మెత్తబడి ఫొటోలా తయారవుతుంది.

జాగ్రత్తలు: సర్జరసం ధూళి ఊపిరితిత్తులకు హాని, ఆస్తమా తెస్తుంది. గాలిలో తేలుతున్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. ధూళి పూర్తిగా దిగాకే మంట వెలిగించాలి, ముసుగు పెట్టుకోవాలి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో జింకు, అల్యూమినియం పలకలు ముంచవద్దు. వేడి, హైడ్రోజన్ వాయువు పుట్టి ప్రమాదం జరుగుతుంది. పలకను బోర్లా లేదా నిలువుగా ఉంచితే గాడుల్లో మడ్డి పేరుకోదు. బోర్లా పెట్టినప్పుడు మూలల కింద ఆనుడు ఉండాలి. వాడేసిన ద్రావణాన్ని కాలువలో పోయకండి, అందులో కరిగిన రాగి ఉంటుంది.

ఒక నాయకుడి మీద బొమ్మ చేస్తున్నాను. ముఖం పోలిక ఉండాలా, పూర్తిగా ప్రతీకతో నడపాలా?
— పేరు వద్దన్న పాఠకుడు

చరిత్రలో మూడు దారులూ ఉన్నాయి, మూడింటి ఫలితమూ తెలుసు.

మొదటిది నేరుగా ముఖం. ఫ్రెంచ్ చిత్రకారుడు డోమియే 1831లో లూయీ ఫిలిప్ రాజును గార్గాంట్యువా అనే తిండిపోతు రాక్షసుడిగా లితోగ్రాఫ్ వేశాడు. బీదజనం నాణేల బుట్టలను చెక్కబల్ల మీదుగా మోసుకెళ్లి రాజు నోట్లో పోస్తున్నారు, కూర్చున్న పీఠం కిందినుంచి బిరుదులూ పదవులూ రాలుతున్నాయి. ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి.

రెండోది పోలికను కరిగించడం. అదే ఏడాది పత్రికాధిపతి ఫిలిపాఁ, రాజును అవమానించాడన్న కేసులో, కోర్టులో నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖం, చివరిది ఒట్టి బేరిపండు, మధ్యలో రెండు మెట్లు. ఏ మెట్టు దగ్గర నేరం మొదలైందో చెప్పమన్నది అతని వాదన. శిక్ష తప్పలేదు. కానీ బేరిపండు బయటపడింది. చిత్రకారుడు కానివాడు కూడా గోడ మీద రెండు గీతల్లో గీయగలిగిన బొమ్మ అది. పోలిక ఉన్న ముఖం చిత్రకారుడితోనే ఆగిపోతుంది, తేలిక గుర్తు ఊరందరి చేతుల్లోకి పోతుంది. 1835 సెప్టెంబరులో చట్టం చేసి బొమ్మలకు ముందస్తు అనుమతి పెట్టేదాకా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు.

మూడోది పాతకథలో దాచడం. జపాన్‌లో టెంపో సంస్కరణల కింద వినోదాల మీద ఆంక్షలు పడ్డప్పుడు చిత్రకారుడు కునియోషి 1843లో మూడు కాగితాల చెక్కఅచ్చు వేశాడు. జబ్బుతో పడుకున్న వీరుడు రైకో, కాపలా యోధులు, చీకట్లోంచి వచ్చే సాలీడు, దయ్యాల గుంపు. కథ అందరికీ తెలిసిందే. కాపలావాళ్లలో ఒకడి బట్ట మీద మాత్రం సంస్కరణలు తెచ్చిన మంత్రి మిజునో వంశచిహ్నం ఉంది. జనం వెంటనే చదివేశారు. పడుకున్నది దేశాన్ని ఏలే షోగున్, దయ్యాలు ఆంక్షలతో బతుకు పోయినవాళ్లు. భయపడి ప్రచురణకర్తే ప్రతులు వెనక్కి తెచ్చి దిమ్మలు ధ్వంసం చేశాడు, దొంగప్రతులు మాత్రం తిరిగాయి.

మీకు మా సలహా మూడోదారి. అందరికీ తెలిసిన కథ తీసుకోండి, పోలిక మానేయండి, ఒకే ఒక్క గుర్తు పెట్టండి. ఆ గుర్తు మొదటి చూపుకు దొరక్కూడదు, రెండో చూపుకు తప్పించుకోకూడదు. బొమ్మ నడిమధ్య, ముఖం పక్కన పెట్టకండి. బట్ట అంచు, చెప్పు, కుర్చీ కోడు మంచి చోట్లు. దాన్ని చుట్టూ కాస్త తెల్ల ఖాళీ వదిలి చెక్కండి, లేకపోతే ఇంకు పూడి కనిపించదు. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది కనుక పంచే ముందు న్యాయవాదిని అడగడం మేలు.

ఒక్క హెచ్చరిక. కొన్ని ఘటనలకు ప్రతీక అడ్డమే. 1834 ఏప్రిల్‌లో పారిస్ ట్రాన్స్‌నోనెఁ వీధిలో సైనికులు ఒక ఇంట్లో చొరబడి నిద్రలో ఉన్నవాళ్లను చంపినప్పుడు, రాజును రాక్షసుడిగా వేసిన ఆ డోమియేనే ప్రతీకలన్నీ పక్కన పెట్టాడు. మంచం పక్కన నేల మీద రాత్రిబట్టలతో చచ్చిపడి ఉన్న మనిషి, అతని కింద పసిబిడ్డ. అంతే. ఆ రాయిని, మిగిలిన ప్రతులను పోలీసులు పట్టుకుపోయారు.

ప్రతుల మీద 3/25 వంటి అంకెలు ఎలా వేయాలి? చిత్రకారుడు పోయాక తీసిన అచ్చులు అసలువేనా?
— చిత్రాలు సేకరించే పాఠకురాలు

అంకెలు బొమ్మ కింద, పెన్సిల్‌తో. ఎడమవైపు 3/25, నడుమ పేరు, కుడివైపు సంతకం, ఏడాది. 25 అనేది మొత్తం ప్రతులు, 3 ఈ ప్రతి వరస. చిత్రకారుడు తనకు ఉంచుకునే ప్రతుల మీద "ఏపీ" (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాస్తారు, అవి మొత్తంలో పదోవంతు దాటకుండా చూసుకోవడం మర్యాద. పంచిపెట్టే రాజకీయ బొమ్మకు అంకెలు వేయడం మాకు నచ్చదు. ఎంతమందికైతే అంతమందికి చేరాల్సిన బొమ్మను 25కి కట్టేయడంలో అర్థం లేదు. తేదీ, సంతకం చాలు.

చనిపోయాక తీసిన అచ్చులు అదే పలకవే అయినా అదే బొమ్మ అనలేం. గోయా "యుద్ధ విపత్తులు" పలకలు 1810–1820 నడుమ చేసినవి, ఆయన బతికుండగా ప్రచురణకు రాలేదు. ఆయన పోయిన 35 ఏళ్లకు, 1863లో మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో అకాడమీ 80 పలకలతో మొదటి ముద్రణ తెచ్చింది. గోయా స్వయంగా చూసుకున్న నమూనా ప్రతుల్లో పలకను శుభ్రంగా తుడిచి తీశారు, తెలుపు తెల్లగా ఉంటుంది. 1863 ముద్రణలో పలక మీద ఇంకు పొర కొంత వదిలేసి బూడిద ఛాయ కలిపారు. ఎండలో ఆరుబయట జరిగిన హత్య మబ్బుపట్టిన విషాద దృశ్యంలా మారింది.

అందుకే కొనేటప్పుడు ఏ ముద్రణ, ఏ ఏడాది అని అడగండి. కాగితాన్ని వెలుతురుకు పట్టి నీటిగుర్తు చూడండి. ఎచ్చింగ్ అయితే బొమ్మ చుట్టూ పలక అంచు నొక్కిన పల్లం వేలికి తగలాలి. భూతద్దంలో క్రమమైన చుక్కల వరసలు కనిపిస్తే అది ఫొటో నకలు. ఇక మీరే చిత్రకారులైతే, ప్రకటించిన ప్రతులు పూర్తయ్యాక పలక మీద అడ్డంగా లోతైన గీత గీసి, ఆ గీతతో ఒక ప్రతి తీసి దాచండి. ఆ తర్వాత ఎవరు అచ్చు తీసినా గీత కనిపిస్తుంది.